వావిలి పొద దగ్గర నిలబడినవాడు

నబీరసూల్ ఒంటి మీద ఒక్క గాటు లేదు. అదే అతని గర్వం. అదే అతని జబ్బు కూడా.

పదకొండేళ్ళు జామాయిల్ తోటల్లో పెట్రోలు రంపంతో చెట్లు కోశాడు. తోటివాళ్ళలో ఒకడికి వేళ్ళు పోయాయి, ఇంకొకడికి మోకాలి చిప్ప పోయింది. నబీకి ఏమీ కాలేదు. అది పీరు దయ అనుకుని, కోత పని మానేసి, ఎర్రగుట్ట దర్గాకు వచ్చి జమాల్ తాత దగ్గర శిష్యుడుగా చేరాడు. నిజానికి ఆ దయకు తల వంచడానికి రాలేదు. తన మీద అది ఎంత ఉందో తాత నోట వినాలని వచ్చాడు. మూడేళ్ళయినా తాత ఆ మాట అనలేదు.

దర్గా వెనక ఒక తపసి చెట్టు ఉంది. పిడుగు పడి ఎండిపోయింది. ఉరుసుకు వచ్చే జనం పొయ్యిలు పెట్టుకునే చోటు మీదికి దాని మాను వాలి ఉంది. ఉరుసుకు ఇంకా ఎనిమిది రోజులే.

"నేను కోస్తా తాతా," అన్నాడు నబీ.

"తలకు ఏం పెట్టుకుంటావు?"

"తువ్వాలు చుట్టుకుంటా."

"కాళ్ళకు?"

"లుంగీ ఎగ్గడతా."

తాత నవ్వలేదు. "చెట్టు తిరగబడితే యాటికి పరుగెత్తుతావు?"

"పదకొండేళ్ళు నా మీదికి రానిది ఇప్పుడొస్తుందా తాతా?"

తాత అతని ముఖంలోకి చూశాడు. "నమాజు చేసుకొని వస్తా. నేను వచ్చి దూరాన నిలబడేదాకా మిషను ముట్టొద్దు. ఒంటిగా చేసే పని కాదు ఇది."

తాత అటు వెళ్ళాడు. ముసలాయన వచ్చేలోగా చెట్టును పడుకోబెట్టి చూపిస్తే ఆ ముఖం ఎట్లా ఉంటుందో చూడాలనిపించింది నబీకి. ఉక్కగా ఉందని చొక్కా విప్పి, చెట్టుకు వెనక రెండడుగుల దూరంలో ఉన్న వావిలి పొద మీద వేశాడు. టోపీ తీసి దాని పైకొమ్మకు తగిలించాడు. చెవుల్లో దూది కుక్కుకున్నాడు. మిషను తాడు లాగాడు.

వాలు ఉన్న వైపు ముందు ఒక ముక్క తీశాడు. తర్వాత వెనక నుంచి కోత మొదలుపెట్టాడు. వెనక కోత ముందు గాటును కలిసేలోపు నాలుగు వేళ్ళ మందం చెక్క వదలాలి. పడేటప్పుడు చెట్టును పట్టి నడిపించేది ఆ చెక్కే. ఈ సంగతి నబీకి తెలియక కాదు. మాను ముందుకు వాలినా, పైన కొమ్మల బరువంతా వెనకకే ఉందని తలెత్తి చూడలేదు. లోపల పుచ్చు ఉందేమోనని తట్టి చూడలేదు. పుచ్చులో రంపం వెన్నలో దిగినట్టు దిగింది. ఆ నాలుగు వేళ్ళ చెక్క ఎప్పుడు తెగిపోయిందో అతనికే తెలియలేదు.

చెట్టు పడలేదు. అంగుళం వెనక్కి జరిగి, రంపం మీద కూర్చుంది. మిషను దగ్గి ఆగిపోయింది.

నబీ రెండుసార్లు లాగాడు. రంపం రాలేదు. తలెత్తి చూశాడు. మొదలంతా తెగిన చెట్టు, నిలువునా నిలబడే ఉంది.

దూది పీకేసుకునేసరికి తాత గొంతు వినిపించింది. దూరంగా, దారి మలుపులో నిలబడి ఉన్నాడు.

"దాన్ని వదిలి రా. ఎదురుగా కాదు, పక్కగా రా."

నబీ వచ్చాడు. ముఖం ఎర్రబడింది. "గడ్డపార పెట్టి ఎత్తితే మిషను వచ్చేస్తది తాతా. రెండు నిమిషాల పని."

తాత అతని మణికట్టు పట్టుకున్నాడు. చెట్టు ఎత్తును కంటితో కొలిచి, దానికి రెండింతల దూరం అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిపించి, ఒక బండ మీద కూర్చోబెట్టాడు. వంట చేసే మాబున్నిని పిలిచి దారికి అడ్డంగా తాడు కట్టించాడు. మేకలవాళ్ళు ఎవరొచ్చినా వెనక్కి పంపమన్నాడు. తర్వాత తనూ కూర్చున్నాడు. చెయ్యి మాత్రం వదల్లేదు.

"ఎంతసేపు కూచోవాలి తాతా?"

"అది చెప్పేదాకా."

గాలి లేదు. ఒక్క ఎండుటాకు కూడా కదలడం లేదు. ఇంత పెద్ద చెట్టు భూమితో తెగతెంపులు చేసుకుని కూడా భూమి మీద నిలబడి ఉండడం నబీ ఎన్నడూ చూడలేదు. చూస్తున్నకొద్దీ మెడ వెనక చల్లగా అనిపించింది. ఒక ఉడుత మాను మీద నుంచి దిగి, వెనక్కి చూడకుండా గడ్డిలోకి పోయింది. దాని వెంట ఇంకొకటి. అప్పుడు, అంత దూరం నుంచి కూడా, చెట్టు లోపల ఎవరో గోటితో గీస్తున్నట్టు చిన్న చప్పుడు వినిపించింది. ఆగింది. మళ్ళీ వినిపించింది.

ఇన్నేళ్ళలో చెట్టు చప్పుడు వినడం అతనికి ఇదే మొదలు.

పొద్దు వాలింది. మాబున్ని టీ కెటిలు, గ్లాసులు పట్టుకుని వచ్చింది. చెట్టు వైపు చూసి టక్కున ఆగిపోయింది.

"అదేంది నబీ, నువ్వు ఈడ కూచోనుంటే ఆడ నిలబడింది ఎవరు?"

"నా చొక్కా అక్కా. ఉక్కకు విప్పి పొద మీద వేసినా."

"అచ్చం నీ మాదిరే ఉంది. నీకన్నా బుద్ధిగా కూడా నిలబడింది." నవ్వబోయింది గానీ నవ్వు సగంలోనే ఆగింది.

నబీ కూడా చూశాడు. నీలం చొక్కా, పైన తెల్ల టోపీ. కొంచెం వంగి, మొదలు మీదికి చూస్తూ, రంపం లాగబోతున్నవాడిలా ఉంది. తను ఎక్కడ నిలబడి లాగాడో, ఇందాక మళ్ళీ ఎక్కడికి పోవాలనుకున్నాడో, సరిగ్గా అక్కడే.

తాత రెండో చేత్తో కెటిలు తీసుకుని మూడు గ్లాసుల్లో టీ పోశాడు. ఇంకో గ్లాసు తీసి అందులోనూ పోసి, బండ మీద అంచున పెట్టాడు.

"ఇది ఎవరికి తాతా?"

"ఆడ నిలబడినాయనకు." తాత గొంతులో ఎగతాళి లేదు. "పిలువు. చల్లారిపోతది."

మాబున్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముసలాయనకు మతి తప్పిందా అనుకున్నాడు నబీ. "చొక్కాను పిలిచేదేంది తాతా," అన్నాడు. తాత తన టీ తాగుతూ ఆ పొద వైపే చూస్తున్నాడు, చుట్టం వస్తాడని ఎదురుచూసే మనిషిలాగ.

నబీ చూపు మళ్ళించుకోబోయాడు. కుదరలేదు. వెలుగు తగ్గేకొద్దీ పొద కనిపించడం మానేసింది. చొక్కా ఒక్కటే కనిపిస్తోంది. అందులో భుజాలున్నాయి. మెడ ఉంది. వెనక్కి తిరిగి చూడాలన్న ఊసే లేని వీపు ఉంది. ఆ వీపు ఎవరిదో నబీకి తెలుసు. కానీ దాన్ని వెనక నుంచి ఎన్నడూ చూడలేదు.

చెట్టు లోపల గీస్తున్న చప్పుడు ఆగిపోయింది. ఈసారి మళ్ళీ మొదలు కాలేదు.

పైన కొమ్మలు, గాలి లేకుండానే, మెల్లగా ఒక పక్కకు తిరిగాయి.

"నబీ!" అని అరిచాడు నబీ. గ్లాసు చేతిలోంచి జారింది. "ఇవతలికి రా! నబీ, ఇవతలికి రా!"

చొక్కా కదల్లేదు. వంగి రంపం వైపే చూస్తోంది.

చెట్టు వాలిన వైపు పడలేదు. నిలువునా మెలి తిరిగి, మొదలు మీద నుంచి జారి, వెనక్కి వచ్చింది. బండ కింద నేల అదిరింది. దుమ్ము వాళ్ళ దాకా వచ్చి, ఆగి, దిగిపోయింది. వావిలి పొద ఉన్నచోట మాను ఉంది. నీలం రంగు ఎక్కడా కనిపించలేదు.

మాబున్ని మెల్లగా బిస్మిల్లా అనుకుంది.

తాత అడిగాడు.

"పిలిచినావు కదా. ఎందుకు రాలే?"

"వినపడదు తాతా. రంపం నడిచేటప్పుడు ఎవరు పిలిచినా వినపడదు."

తాత అతని మణికట్టు వదిలాడు. అక్కడ నాలుగు వేళ్ళ గుర్తులు ఎర్రగా ఉన్నాయి.

"పదకొండేళ్ళు," అన్నాడు తాత. "ఎంతమంది పిలిచినారో నాయనా."