కాటమ్మ పాకకు మూడు విడతల జొన్నలు

వాగు అవతల, పాడుబడిన ఇటుక బట్టీ పక్కన, కప్పు కూలిపోయిన పొడుగాటి పాక ఒకటి ఉండేది. కాటమ్మ అనే గేదె దాన్ని కొన్నది. తను ఉండడానికి కాదు, బాగుచేయించి వానాకాలం మేకలకు అద్దెకివ్వాలని. ఏళ్ళ తరబడి దాచుకున్న తెలగపిండి అంతా పాక కొనడానికే సరిపోయింది. మరమ్మతు కోసం ఎలుగుబంటి పోలయ్య దగ్గరికెళ్ళి ముప్పై కుంచాల జొన్నలు అప్పు అడిగింది.

"ఇస్తాను కానీ ఒక్కసారే ఇవ్వను," అన్నాడు పోలయ్య. "గోడలు లేచాక పది, కప్పు పడ్డాక పది, తలుపులు బిగించాక పది. ప్రతిసారీ మా కొంగ వచ్చి చూస్తుంది. పని అయిందని నువ్వు ఆకు మీద గిట్ట ముద్ర వెయ్యాలి. గింజలు నేరుగా మేస్త్రీకే ఇస్తాను, తీర్చాల్సింది మాత్రం నువ్వు. అర్థమైందా?"

కాటమ్మకు సగమే అర్థమైంది. తల మాత్రం గట్టిగా ఊపింది.

మేస్త్రీ జంగయ్య అనే నక్క. గోడలు చకచకా లేపి మొదటి పది కుంచాలూ పట్టుకుపోయాడు. వారం తిరిగేసరికి ఇంకో ఆకుతో వచ్చాడు.

"అక్కా, రెండో విడతకు ముద్ర వెయ్యి."

"కప్పు వేశావా తమ్ముడూ?"

"రెండో విడతలో మొదటి భాగం అయిపోయింది. రెండో భాగం మూడో విడతలో కలుస్తుంది. మూడోది రావాలంటే రెండోది తేలాలి. అది తేలాలంటే ముద్ర పడాలి."

"అంటే... కప్పు అయినట్టా, కానట్టా?"

"లెక్కలో అయినట్టే."

"మరి పాక మీద?"

"పాక వేరు, లెక్క వేరు అక్కా. ఇంత ఆస్తి కొన్నదానివి, ఈపాటి తెలీదంటే నలుగురూ నవ్విపోతారు."

నవ్విపోతారనగానే కాటమ్మ చెవులు వేడెక్కాయి. విడతలూ భాగాలూ కలగాపులగమైపోయి తల తిరిగింది. ముద్ర వేసేసింది.

కొంగ వచ్చి బాట మీద నిలబడే చూసింది. బాట వైపు వాలు మీద కొత్త గడ్డి నిగనిగలాడుతోంది. "కప్పు పడింది," అని పోలయ్యకు చెప్పడానికి ఎగిరిపోయింది. రెండో పది కుంచాలూ జంగయ్యకు అందాయి. వెనక వాలు మీద వాసాలు తప్ప గడ్డిపోచ లేదు.

తొలకరికి మేకలు పిల్లాజెల్లాతో దిగాయి. ఆ మధ్యాహ్నమే వాన పట్టుకుంది.

"ఇదేం పాకమ్మా! చెట్టు కిందే నయం," అని మేకల పెద్ద మందనంతా లేవదీసుకుని పోయింది.

కాటమ్మ ఒక్కతే నిలబడిపోయింది. ఆకేమో కప్పు ఉందంటోంది, నీళ్ళేమో వీపు మీద పడుతున్నాయి. ఏది నమ్మాలి? ఆ వానలోనే పోలయ్య దగ్గరికి నడిచింది.

"పెద్దయ్యా, నాకు మొదట్నుంచీ ఏమీ అర్థం కాలేదు. సిగ్గేసి చెప్పలేదు."

"జంగయ్య ఎక్కడ?" అన్నాడు పోలయ్య.

"మూడో విడత ముద్ర కోసం పాకకు వస్తూ ఇప్పుడే దారిలో ఎదురయ్యాడు."

"పద. అర్థమయ్యేట్టు వాణ్ణే చెప్పమందాం."

జంగయ్య గడ్డి ఉన్న వైపు పొడిగా కూర్చుని ఉన్నాడు. పోలయ్య లోపలికొచ్చి అక్కడే చతికిలబడ్డాడు. ఆ పక్కన కాటమ్మ. ఇక మిగిలింది వెనక వైపే. జరిగీ జరిగీ జంగయ్య వాసాల కిందికి చేరాడు.

"చెప్పు, రెండో విడత సంగతేంటి?"

"కప్పు పూర్తిగా..." ముక్కు మీంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకున్నాడు. "పూర్తిగా పడింది పెద్దయ్యా."

"పడుతున్నది వాన కదరా!"

మూడో విడత అప్పటికి ఆగిపోయింది. తీసుకున్న జొన్నలకే జంగయ్య తొమ్మిది రోజులు తడుస్తూ గడ్డి కోసి వెనక వాలు కప్పాడు. ఇకమీదట లోపలా వెనకా తిరిగి చూడందే మాట చెప్పొద్దని కొంగకు చీవాట్లు పడ్డాయి. పోలయ్య కాటమ్మ అప్పుకు గడువు పెంచాడు కానీ, పోయిన అద్దె పోయినట్టే. మేకలు అప్పటికే వేరే చోటు చూసుకున్నాయి.

తలుపులు బిగించిన రోజు జంగయ్య ఆకు చాపాడు. కాటమ్మ ప్రతి తలుపునూ కొమ్ముతో నెట్టి, తీసి, మూసి చూసింది. ఒకటి కిర్రుమంది.

"ఇదెందుకు అరుస్తోంది తమ్ముడూ? నాకు అర్థం కాలేదు, చెప్పు," అంది. అది సరిచేసేదాకా గిట్ట ఎత్తలేదు.

నీతి: అర్థం కానప్పుడు తల ఊపితే, వచ్చే నష్టం ఆ తలే మోయాలి.