గడప దాటని లెన్సు

హైమకి కొన్నాళ్ళుగా ఒకటే బెంగ. బల్ల మీద రెండు లెన్సులున్నాయి. రెండూ గది మొత్తాన్ని ఒక్క బొమ్మలో పట్టే వైడ్ లెన్సులే. వాటిలో ఏది ఉంచుకోవాలో ఆమెకి తేలడం లేదు.

బందరులో కరీముల్లా మాస్టారి స్టూడియోలో ఆమె పని నేర్చుకుంటోంది. మాస్టారు ఫిల్ము కాలం మనిషి, ఆమె చేతిలోది డిజిటల్ కెమెరా. బెజవాడలో తెలిసిన షాపతను ఒక కొత్త లెన్సు వాడి చూడమని ఇచ్చాడు. రెండోది మాస్టారి బీరువాలోది. అంతా ఇనుమూ గాజే, అరచేతిలో పెడితే చెయ్యి కిందికి లాగుతుంది. మధ్యలో ఒక రింగు బిగిస్తే డిజిటల్ కెమెరాకి కూడా పడుతుంది. ఫోకస్ మాత్రం చేత్తో తిప్పుకోవాలి.

ఎదురింటి గోడని రెండింటితోనూ తీసింది. కొత్తదాంట్లో మూలనున్న ఇటుక కూడా ఇటుకలాగే వచ్చింది. పాతదాంట్లో మధ్యలో ఉన్నది నిలబడింది, అంచులు మెత్తబడ్డాయి. ఎదురుగా వెలుతురు పడితే బొమ్మ మీద పాల మీగడలా తెల్లటి తెర కమ్మింది. అయినా ఆ పాతదాంట్లో మనుషుల ముఖాలు చూడబుద్ధయ్యేలా వచ్చేవి.

"ఏది మంచిది మాస్టారూ?"

మాస్టారు టీ ఊదుకుంటున్నారు. "దేన్ని తీస్తావో దాన్ని అడుగు."

"ఏం తియ్యాలో ఇంకా తెలీదుగా!"

"అయితే తెలిసేదాకా ఆగు."

హైమ పెళ్ళిళ్ళు బాగా తీస్తుందని ఊళ్ళో పేరుంది. అన్నీ హాలు చివర నుంచి, జనం తలల మీదుగా, దూరాన్ని దగ్గరగా లాగే పొడుగు లెన్సుతో తీసినవే. తీస్తున్నట్టే తెలియలేదమ్మా అని పెళ్ళివారు మెచ్చుకునేవారు. మాస్టారు ఆ ఆల్బమ్‌లు తిరగేసేవారు. మెచ్చుకోకుండానే మూసి పక్కన పెట్టేవారు.

ఆమెకి దగ్గరితనం భయం. ఎప్పుడు పట్టుకుందో ఆమెకి బాగా తెలుసు. చిన్నప్పుడు లారీ గుద్ది తండ్రి పోతే, శవాన్ని ఇంటి ముందు పడుకోబెట్టారు. ఎవరో వెనక నుంచి ఆమె భుజాలు పట్టుకుని ముందుకి తోశారు. "నాన్నని చూడమ్మా, మళ్ళీ కనబడడు" అన్నారు. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. తెరవలేదు. ఆ మూసిన కళ్ళ ముందు ఏముండేదో అన్న ఊహే అప్పటి నుంచి ఆమెని తరుముతోంది. వీధిలో చావు డప్పు వినిపిస్తే స్టూడియో లోపలికి పోయి తలుపేసుకునేది.

ఒకరోజు పొద్దున్నే పెడన నుంచి బాలకోటి అనే మనిషి వచ్చాడు. నేతపనివాడు. నిద్ర లేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మా అమ్మ పోయింది మాస్టారూ. సుబ్బరత్తమ్మ. నిన్న సందేళ మగ్గం మీద కూచునే ఒరిగిపోయింది."

మాస్టారు లేచి అతని చెయ్యి పట్టుకున్నారు.

"అమ్మకి సరైన ఫోటో ఒక్కటీ లేదండీ. ఆధార్ కార్డు మీద ఉన్నది అమ్మలాగే ఉండదు. మగ్గంతో కలిపి ఒకటి తీయించరా అని నాన్న అడుగుతున్నాడు. ఫోన్లో తీసి చూశాం. గది ఇరుకు. అమ్మ వస్తే మగ్గం రాదు, మగ్గం వస్తే అమ్మ రాదు. మధ్యాహ్నానికల్లా ఎత్తేస్తారు."

పోయినవాళ్ళ ఫోటో అంటే చుట్టుపక్కల ఊళ్ళన్నీ కరీముల్లా మాస్టారినే పిలిచేవి. కానీ ఆయన కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఇంకా నల్లద్దాలు తియ్యలేదు. ఆ నల్లద్దాలు మెల్లగా హైమ వైపు తిరిగాయి.

హైమ బల్ల మీది లెన్సుల వైపు చూసింది.

"లెన్సు ఏదో ఇంకా తేలలేదు కదా మాస్టారూ."

"రెండూ పట్టుకో."

ఆటోలో దారంతా ఆమె మాట్లాడుతూనే ఉంది. పాతదే నయం, పోయిన మనిషి ముఖం మరీ కొట్టొచ్చినట్టు ఉండకూడదు. కాదు కాదు, కొత్తదే నయం, చేత్తో ఫోకస్ తిప్పే వ్యవధి ఎక్కడుంటుంది? పాతదైతే కిటికీ వెలుతురు తట్టుకోలేదు. కొత్తదైతే ముడతా మచ్చా అన్నీ పట్టేస్తుంది, ఇంట్లోవాళ్ళకి కష్టంగా ఉంటుందేమో. ఒడిలో బ్యాగు రెండు చేతులతో అదిమి పట్టుకుంది. అరచేతులు చెమటకి జారుతున్నాయి.

"నిజమే," అన్నారు మాస్టారు ప్రతి మాటకీ.

పెడనలో ఆ వీధి మగ్గాలన్నీ ఆగి ఉన్నాయి. మనుషులు అరుగుల మీద కూచుని మెల్లగా మాట్లాడుకుంటున్నారు. డప్పులవాళ్ళు మూలన గడ్డి మంట మీద డప్పులు కాచుకుంటున్నారు. ఆ మంట చూడగానే హైమ మాస్టారి వెనక్కి జరిగింది.

ఇల్లు నిజంగానే ఇరుకు. ఉన్నదొకటే పొడుగాటి గది, అందులో సగానికి పైగా మగ్గమే. మగ్గం పక్కన చాప మీద సుబ్బరత్తమ్మని పడుకోబెట్టారు. తల దగ్గర దీపం ఉంది. మరెక్కడా చోటు లేక, ఆమె మొగుడు నాంచారయ్య, నేసేవాళ్ళు కాళ్ళు పెట్టుకునే మగ్గం గుంటలోకే దిగి కూచున్నాడు. మగ్గం మీద ఎర్రంచు చీర సగంలో ఉంది.

హైమ గడప దగ్గర ఆగిపోయింది.

అక్కడి నుంచే కొత్త లెన్సుతో తీసింది. కెమెరా తెర మీద చూసుకుంది. గదంతా వచ్చింది, మగ్గమంతా వచ్చింది. గడప వైపున్న పాదాలు ఇంతింత అయ్యాయి. ముఖం ఎక్కడో చివర అగ్గిపుల్ల తలంత ఉంది.

"ఈ లెన్సు ఇంతే," అని గొణుక్కుని పాతది బిగించింది. రింగు ఒక పట్టాన పడలేదు. మళ్ళీ తీసింది. కిటికీ వెలుతురు బొమ్మంతా తెల్లగా కమ్మేసింది. ఆ తెలుపులో సుబ్బరత్తమ్మ లేనే లేదు.

మళ్ళీ కొత్తది. మళ్ళీ పాతది. గడప మాత్రం దాటలేదు.

"పొద్దెక్కుతోంది," అన్నారెవరో వెనక. బాలకోటి హైమ కళ్ళలోకి చూసి తల దించుకున్నాడు. నాంచారయ్య గుంటలోంచి కదలకుండా ఆమె చేతుల్నే చూస్తున్నాడు.

మాస్టారు చెయ్యి చాపి ఆమె దగ్గర నుంచి కెమెరా తీసుకున్నారు. రెండో లెన్సు కూడా తీసుకుని జేబులో వేసుకున్నారు. తిడతారనుకుంది హైమ. ఇంటికి పొమ్మంటే బాగుండుననుకుంది.

"అమ్మాయీ, ఆవిడ జుట్టు నుదుటి మీద పడింది. ఫోటోలో బాగోదు. సర్ది రా."

పెళ్ళికూతుళ్ళ దగ్గర ఎప్పుడూ చెప్పే మాటే అది. అదే గొంతు. హైమ కదల్లేదు.

"మాస్టారూ..."

పక్కింటావిడ దువ్వెన తెచ్చి హైమ చేతిలో పెట్టింది.

గడప దాటాక చెవుల్లో హోరు మొదలైంది. చాప పక్కన మోకాళ్ళ మీద కూలబడింది. చూపు చాప అంచు మీదే ఉంది, పైకి పోనంటోంది. చెయ్యి పెడితే ఆ కళ్ళు తెరుచుకుంటాయేమో అనిపించింది. పెద్దదాన్ని, ఇదేం పిచ్చి అనుకుంది. అనుకున్నా భయం తగ్గలేదు. వెనక నుంచి ఎవరో భుజాలు పట్టుకుని తోస్తున్నట్టే ఉంది. కానీ వెనక ఎవరూ లేరు. మాస్టారు గడప దగ్గరే నిలబడి ఉన్నారు.

చెయ్యి చాపింది. నుదురు తగిలింది. తెల్లారుజామున రోలు ముట్టుకున్నట్టు చల్లగా ఉంది. చెయ్యి వెనక్కి లాక్కుంది. ఊపిరి తీసుకుని మళ్ళీ చాపింది. నుదుటి మీది పాయని వేలితో పక్కకి తోసి, దువ్వెన పెట్టింది.

"అటు కాదమ్మా," అన్నాడు నాంచారయ్య గుంటలోంచి. వాళ్ళొచ్చాక అతను మాట్లాడింది అదే మొదలు. "పాపిడి ఎడమ పక్కకి. మధ్య పాపిడి తీస్తే మొహం పెద్దదిగా ఉంటదని ఒప్పుకునేది కాదు."

హైమ నవ్వబోయి ఆగింది. ఎడమ పక్కకి పాపిడి తీసింది. సరిగ్గా కుదరలేదు. చెరిపి మళ్ళీ తీసింది. పాపిడి తిన్నగా వచ్చిందా లేదా చూడాలంటే ముఖం చూడక తప్పదు. చూసింది.

ఒక ముసలామె. పల్చటి పెదవులు. చెవి తమ్మెలు సాగి ఉన్నాయి. కనుబొమలో సన్నటి నూలు పీచు ఒకటి, ఎర్రటిది, చిక్కుకుని ఉంది. దాన్ని తియ్యబోయి హైమ ఆగిపోయింది. అలాగే ఉంచేసింది.

ఎంతసేపు అలా చూసిందో ఆమెకి తెలీదు. భయం పోలేదు. అయినా లేచి పోవాలనిపించలేదు.

"మాస్టారూ, కెమెరా," అంది వెనక్కి తిరక్కుండా, చెయ్యి మాత్రం వెనక్కి చాపి.

మాస్టారు లోపలికొచ్చి కెమెరా ఆమె చేతిలో పెట్టారు. ఏ లెన్సు ఉందో చూడలేదు. చెయ్యి చాపితే అందేంత దూరంలో ముఖాన్ని మధ్యలో నిలిపింది. ముఖం వెనకాలే మగ్గం, మగ్గం మీద సగం నేసిన ఎర్రంచు, గుంటలో నాంచారయ్య, కిటికీ, అన్నీ వచ్చి చేరాయి.

"బాబాయిగారూ, మీరు కెమెరా వైపు చూడక్కర్లేదు. పిన్నిగారి వైపు చూడండి."

నాంచారయ్య భార్య వైపు చూశాడు. అప్పుడు నొక్కింది.

బయటికొచ్చాక పక్కింటావిడ చెంబుతో నీళ్ళు పోసి ఇద్దరి కాళ్ళూ కడిగించింది. డప్పులు మొదలయ్యాయి. నలుగురు లోపలికి వెళ్ళి సుబ్బరత్తమ్మని ఎత్తుకొచ్చారు. హైమ అరుగు స్తంభం పట్టుకుని నిలబడింది. ఒళ్ళంతా గగుర్పొడుస్తోంది. కళ్ళు మాత్రం మూసుకోలేదు. ఆ ఎడమ పాపిడి వీధి మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉంది.

తిరుగు ప్రయాణంలో ఆటో చాలా దూరం వచ్చేసింది. ఉప్పుగాలి తగులుతోంది. లెన్సుల మాట ఆమె ఎత్తలేదు. ఏ లెన్సుతో తీసిందో చూడాలని కూడా తోచలేదు.

"మాస్టారూ."

"ఊఁ."

"ఇన్నేళ్ళుగా ఇంతమందిని తీశారు. మీకు భయం వెయ్యదా?"

మాస్టారు నల్లద్దాలు సర్దుకున్నారు. కుడిచెయ్యి చాపి ఆమె చేతి మీద పెట్టారు. ఆ చెయ్యి ఆమె చేతికన్నా చల్లగా ఉంది. అరచెయ్యంతా తడి. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి.

హైమ ఆయన ముఖంలోకి చూసింది.

"అందుకే," అన్నారు మాస్టారు, "ముందు జుట్టు సర్దుతాను."