చుక్క ఒళ్లు విదిలించలేదు

కొండ కింది మేకలమందలో ఏడాదిగా ఒక ఆచారం నడుస్తోంది. ప్రతి అమావాస్యకూ నక్క పూజారి దొన్నెలో పసుపునీళ్లు తెచ్చి ఒక మేక మీద పోస్తుంది. అది ఒళ్లు విదిలిస్తే కొండతల్లి ఒప్పుకున్నట్టు. ఇక నక్క దాన్ని గుహలోకి తీసుకుపోతుంది. గుహలో ఉండేది చిరుత అనీ, తినగా మిగిలింది నక్కకనీ మందలో ఎవరికీ తెలియదు. తెలుసుకుందామనీ ఎవరికీ లేదు.

ఈసారి వంతు చుక్కది. పోలి అనే మేకకు అది ఒక్కగానొక్క పిల్ల.

"నీళ్లు పడితే ఎవరైనా విదిలిస్తారు. వానలో తడిసినప్పుడు మనం విదిలించడం లేదా? అప్పుడూ తల్లి ఒప్పుకున్నట్టేనా?" అంది పోలి.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అంది ముసలి మేకపోతు. "ఇన్నాళ్లలో ఒక్కటైనా విదిలించకుండా ఉందా? అంతకన్నా రుజువేం కావాలే నీకు?"

"తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నట్టుంది నీ వాదన, తాతా."

"పోయిన నెల రంగిని తీసుకుపోతుంటే నువ్వూ దండం పెట్టావు. నీ పిల్ల దాకా వస్తే తర్కం గుర్తొచ్చిందా?"

ఆ మాట నిజమే. పోలి సిగ్గుతో తల దించుకుంది. అయినా నక్క దగ్గరికి వెళ్లింది.

"పూజారిగారూ, ఒళ్లు విదిలిస్తే తల్లి ఒప్పుకున్నట్టు. అంతేగా?"

"అంతేనమ్మా."

"ఆ మాట అందరి ముందూ అనండి."

నక్క అందరి ముందూ అంది. పోలికి ప్రాణం లేచి వచ్చింది. ఆ రోజు నుంచి రోజూ పిల్లను నీళ్లు కారే బండ కింద నిలబెట్టేది. "విదిలించకు నాన్నా. చెవిలో పడ్డా సరే, ఓర్చుకో" అనేది. చుక్క వణికింది, ఏడ్చింది. పన్నెండో రోజుకి నేర్చుకుంది.

అమావాస్య వచ్చింది. నక్క నీళ్లు పోసింది. చుక్క కదల్లేదు. రెండో దొన్నె పోసింది, మూడోదీ పోసింది. చుక్క తల్లి వంకే చూస్తూ నిలబడింది.

నక్క దొన్నె కింద పెట్టి కళ్లు మూసుకుంది.

"ఇంత మహిమ నేనెప్పుడూ చూడలేదు. మిగతా వాటికి తల్లి ఒప్పుకుంది, అంతే. దీన్ని మాత్రం తానే పూనింది. లేకపోతే పసిపిల్ల ఇంత నిశ్చలంగా ఉంటుందా?"

అందరికన్నా ముందు ముసలి మేకపోతు మోకరిల్లింది. వెనకే మందంతా మోకరిల్లింది.

"అది నేను నేర్పిందయ్యా" అని పోలి గొంతు చించుకుంది.

"నీ చేత నేర్పించింది ఎవరనుకున్నావు?" అంది నక్క.

చెవుల్లోంచి నీళ్లు కారుతున్నా, చుక్క గుహ దాకా ఒళ్లు విదిలించకుండానే నడిచింది. అమ్మ వద్దంది కదా.

నీతి: ఏం జరిగితే తన మాట తప్పని ఒప్పుకుంటాడో ఎదుటివాడి చేత ముందే చెప్పించుకోని పరీక్ష, పరీక్షే కాదు.