గుండిగకు పట్టిన తగరం

అవధానులుగారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. పెన్న ఒడ్డున ఉన్న ఆ పాఠశాలలో ఈ సంగతి అందరికీ తెలుసు. అయినా అక్కడే లెక్కలు చెప్పే శిష్యుడు మృత్యుంజయం అడిగాడు. అడక్క ఏం చేస్తాడు? మర్నాటి నుంచి పాఠశాల భారమంతా అతని నెత్తిన పడబోతోంది. ముప్ఫైమంది పిల్లలున్న చోటికి, పక్క ఊళ్లో మూతపడ్డ పాఠశాలవాళ్లు కూడా వచ్చి చేరుతున్నారు. వెరసి రెండువందల నలభైమంది.

“ముప్ఫైమందికే నా ఓపిక బొటాబొటిగా సరిపోతోందండీ. ఇప్పుడు ఎనిమిదింతల ఓపిక ఎక్కణ్ణుంచి తేను? మరొకరికి అప్పగించండి,” అన్నాడు. బట్టలు అప్పటికే మూటగట్టి చంకలో పెట్టుకున్నాడు.

గురువుగారు మూట తీసి తన పక్కన పెట్టుకుని, చిన్న సంచి ఒకటి అందించారు. “ఇందులో ఇరవై తులాల తగరం ఉంది. పెరట్లో కళాయి పూసే కాశింపీరా కొలిమి పెట్టుకుని కూర్చున్నాడు. కొత్త గుండిగకు కళాయి పెట్టించు. తరవాత నీ ఇష్టం.”

కొత్త గుండిగను చూడగానే మృత్యుంజయం మనసులో లెక్క కట్టాడు. అచ్చం పాత గుండిగలాంటిదే; అవే నిలువు గోడలు, అదే చదును అడుగు. కాని వెడల్పు రెట్టింపు, ఎత్తు రెట్టింపు. పాతదానిలో ముప్ఫైమందికి పులుసు కాగితే, దీనిలో రెండువందల నలభైమందికి కాగుతుంది. పాతదానికి ఐదు తులాల తగరం పట్టింది. ఎనిమిది ఐదులు నలభై. చేతిలో ఉన్నది సగమే. తెల్లారితే చింతపండు పులుసు. కళాయి లేని ఇత్తడిలో అది కాస్తా చిలుమెక్కితే పిల్లలంతా వాంతులతో పడతారు, అదీ మొదటిరోజే.

“ఇంకో ఇరవై తులాలు కావాలి పీరా. ఇప్పటికిప్పుడు ఎక్కడ దొరుకుతుంది?” అన్నాడు చెమట తుడుచుకుంటూ.

కాశింపీరా తిత్తి ఊదడం ఆపి నవ్వాడు. “లెక్కల అయ్యోరు మీరే ఇట్లంటే ఎట్ల సామీ? మీరు పులుసును కొలిచినారు. నేను పూసేది గోడకు.”

పాత గుండిగ చుట్టూ తాడు చుట్టి కోశాడు. అదే తాడు కొత్తదానికి చుడితే సగం దాకానే వచ్చింది. “చుట్టు రెండింతలు. ఎత్తు రెండింతలు. రెండు రెళ్లు?”

“నాలుగు. అడుగు కూడా నాలుగింతలే,” అన్నాడు మృత్యుంజయం సిగ్గుపడుతూ. స్థూపం గోడ వైశాల్యం కావాలంటే చుట్టుకొలతను ఎత్తుతో హెచ్చించండర్రా అని ఏటేటా గొంతు చించుకునేది తనే. భయం వేస్తే చదివిందంతా ఎటు పోతుందో! నాలుగు ఐదులు ఇరవై.

కాగిన ఇత్తడి మీద చల్లిన నవాసారం పొగ లేచింది. కాశింపీరా దూదితో తగరాన్ని గోడంతా పాకించాడు. పొద్దు వాలేసరికి గుండిగ లోపలంతా తళతళలాడింది. సంచి అడుగున శనగగింజంత తగరం మిగిలింది కూడా. మృత్యుంజయానికి ప్రాణం లేచొచ్చింది. నవ్వొచ్చింది, వెంటనే కళ్లలో నీళ్లూ తిరిగాయి.

ఆ గింజను తెచ్చి గురువుగారి అరచేతిలో పెట్టాడు. “సరిపోయిందండీ.”

“మరి ఎనిమిదింతల ఓపిక కావాలన్నావు?”

“అది పులుసు లెక్కండీ.”

అవధానులుగారు బట్టల మూట ముడి విప్పుతూ అన్నారు: “పులుసు సంగతి పులుసు చూసుకుంటుంది నాయనా. నువ్వు కళాయి చూసుకో.”