రోకలికి కట్టిన కప్ప

ఇటు జరుగు తల్లీ. ఆ కాలు నా మీద వెయ్యకు, అసలే ఒళ్ళంతా ఉడికిపోతోంది. ఎండలోకి వెళ్ళొద్దు, వెళ్ళొద్దని పొద్దున్నుంచీ అరిచి అరిచి నా గొంతు పోయింది. విన్నావా నువ్వు? ఇప్పుడేమో కథ కావాలి. సరే, చెబుతాను. నువ్వు ఊఁ కొట్టాలి మరి. నువ్వు మానేస్తే నేనూ మానేస్తాను.

అనగనగా నీళ్ళకి కటకటలాడే ఒక ఊళ్ళో నాంచారు అని ఒక పిల్ల ఉండేది. నీ ఈడే. దానికి పెదనాన్న కొడుకొకడు, ముత్యాలని, పెద్ద గడుగ్గాయి. ఎండాకాలం వచ్చిందంటే ఇద్దరూ కాలువలోనే ఉండేవాళ్ళు. ఆ ఏడు కాలువ ఎండిపోయింది. బావుల్లో నీళ్ళు అడుక్కి పోయాయి. బిళ్ళంగోడు ఆడదామంటే అరికాళ్ళు కాలేవి. తొక్కుడుబిళ్ళ ఆడదామంటే నెత్తి మాడేది. పోనీ తొట్టి దగ్గర కూచుని ఒంటి మీద దోసెడు నీళ్ళు పోసుకుందామంటే, అమ్మ చూసిందా, వీపు విమానం మోత. ఆటల్లేవు, చల్లదనం లేదు. తలుచుకుంటే నాకే జాలేస్తుంది.

అప్పుడు ఊళ్ళో పెద్దవాళ్ళు, కప్పతల్లిని ఆడించండర్రా, వాన పడుతుంది అన్నారు. నీకు తెలీదు కదూ. కప్పని తడిగుడ్డలో మూటగట్టి, రోకలి మధ్యన వేలాడదీసి, చుట్టూ వేపమండలు కడతారు. ఇద్దరు పిల్లలు ఆ రోకలిని చెరో కొసా భుజానికెత్తుకుని, పాడుకుంటూ ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇంటావిడా కప్ప మీద నీళ్ళు పోస్తుంది. మోసే పిల్లల మీదా పడతాయి. ఊరు తిరగడం అయ్యాక కప్పని తడిచోట వదిలెయ్యాలి. అదీ పద్ధతి.

నాంచారు, ముత్యాలు కాలువలోకి దిగి ఒక రాయి దొర్లించారు. అడుగున మట్టిలో ఒక ముసలి కప్ప. వానలొచ్చేదాకా లేవకూడదని పడుకుంది పాపం. దాన్ని లేపి మూటగట్టారు.

మొదట మోతుబరి గారింటికి వెళ్ళారు. ఆవిడ బిందెడు నీళ్ళు గుమ్మరించింది. పిల్లలిద్దరూ తడిసి ముద్దయ్యారు. ఎన్నాళ్ళకో ఒంటి మీద నీళ్ళు పడేసరికి నాంచారుకి ప్రాణం లేచొచ్చింది. అప్పుడు మూటలోంచి కప్ప అంది కదా, "అమ్మాయ్, నాకు నిద్ర చాల్లేదే. కాస్త దించు."

ముందు కొసన ముత్యాలు గొంతెత్తి పాడుతున్నాడు, వెనక కొస మోస్తున్నది నాంచారు. అందుకని దానికొక్కదానికే వినబడింది. "ఇంకొక్క ఇల్లు, అంతే" అంది.

ఆ ఇల్లయింది, ఆ పై ఇల్లయింది, ఊరంతా అయింది. మరి వదిలెయ్యాలి కదా? వదల్లేదు. ముత్యాలేమన్నాడంటే, "ఇది పోతే మనకెవరు పోస్తారే నీళ్ళు?" అన్నాడు. ఉత్త పిల్లలకి ఎవరు పోస్తారమ్మా, నిజమే. నాంచారూ సరేనంది. కప్పని గంప కింద మూసిపెట్టి, తెల్లారాక మళ్ళీ రోకలెత్తారు.

ఊఁ అనవేం? నిద్రొస్తే పడుకో, నాకూ ఆవలింతలే. రాదా? సరే విను.

ఆ తర్వాత కొట్టు గలావిడ ఇంటికి వెళ్ళారు. "నిన్ననే పోశాను కదర్రా" అని సణుక్కుంటూ చెంబెడు పోసింది. ఆ కాసిన్ని నీళ్ళు పిల్లల తలల మీదే పడ్డాయి. కప్ప నీరసంగా అంది, "నాంచారూ, వాన నేను తేనే. అదొస్తే నేను అరుస్తాను, అంతే. నా ఒళ్ళు ఎండిపోతోంది. దించవే, నీకు పుణ్యముంటుంది."

నాంచారుకి మనసులో కలుక్కుమంది. కానీ తడి పరికిణీ చల్లగా ఉంది. "ఇంకొక్క ఇల్లు" అంది మళ్ళీ. చెడ్డపిల్ల కాదు. ఎండ అలాంటిది.

అప్పుడు ఊరి చివర రాగమ్మ గుడిసెకి వెళ్ళారు. రాగమ్మ ఒంటరి ముసల్ది. ఆవిడ దగ్గర తాగడానికి ఉంచుకున్న చెంబెడు నీళ్ళే ఉన్నాయి. దించమని కప్ప అడుగుతుందేమోనని నాంచారు చూసింది. అడగలేదు. మూట కదలనూ లేదు.

రాగమ్మ గుడ్డ తప్పించి చూసింది. "ఇది పోయేట్టుందే పిల్లా" అంది.

నాంచారు గబగబా రోకలి దించేసి ముళ్ళు విప్పింది. కప్ప దాని అరచేతిలో ఎండుటాకులా పడుంది. ముత్యాలుకి కోపం వచ్చింది. ఏం చేశాడనుకున్నావు? ఆ గుడ్డలోనే మట్టిగడ్డ కట్టి, ఇంకో పిల్లాణ్ణి పిలిచి రోకలెత్తుకుని పోయాడు. చెప్పాగా, గడుగ్గాయి అని.

నాంచారు గోడ నీడన కూలబడింది. రాగమ్మ తన చెంబులో నీళ్ళు కప్ప మీద కొంచెం కొంచెంగా పోసింది. "అవ్వా, మరి నీకు?" అంది నాంచారు. "దాని సంగతి చూడు ముందు" అంది రాగమ్మ. చెంబు ఖాళీ అయింది. కప్ప కదల్లేదు. తప్పంతా నాదే అనుకుని నాంచారు గుడ్ల నీళ్ళు కుక్కుకుంది.

ఆ తర్వాత గాలి తిరిగింది. ఎండ మాసిపోయింది. దుమ్ము లేచింది, మట్టి వాసన వచ్చింది, టపటపా చినుకులు పడ్డాయి. చూస్తుండగానే పెద్ద వాన. ఊళ్ళో పిల్లలందరూ వీధిలోకొచ్చి గంతులేశారు. కప్పతల్లి వాన తెచ్చిందని జనమంతా ముత్యాలు మూటకి దణ్ణాలు పెట్టారు. మట్టిగడ్డకి, మరి!

నాంచారు మాత్రం తలెత్తలేదు. చెయ్యి వానలోకి చాపి, కప్ప గొంతు వంకే చూస్తూ కూచుంది. చాలాసేపటికి ఆ గొంతు కొద్దిగా అదిరింది. మళ్ళీ అదిరింది. కప్ప ఒక కన్ను తెరిచి నాంచారుని చూసింది. మంచీ చెప్పలేదు, చెడ్డా చెప్పలేదు. మెల్లిగా చేతి మీంచి దిగి, పాక్కుంటూ తడిగడ్డిలోకి వెళ్ళిపోయింది.

అప్పటికి నాంచారు ఒళ్ళు హూనమైపోయింది. రాగమ్మ ఒళ్ళో తల పెట్టింది. వాన కోసం ఊరంతా తిరిగిన పిల్ల, ఆ వాన చూరు కింద ధారకట్టి కారుతుంటే, ఒక్క చుక్కలోనైనా ఆడకుండా నిద్రపోయింది. రాగమ్మ లేపలేదు.

అంతేనమ్మా. కళ్ళు మూసుకో.

కథ కంచి దారి పట్టె,
కప్ప తడి చోటు పట్టె,
మనకిక నిద్దర పట్టె.