సుంకమ్మ గడప

అనగనగా అనుకుందాం. ఎప్పుడని అడగకండి, నాకు తెలియదు. నాకు చెప్పిన మా అవ్వకూ తెలియదు. ఊ కొట్టేవాళ్ళు ఊ కొట్టండి, నిద్రొచ్చేవాళ్ళు పడుకోండి. కథ మాత్రం దాని పాటికి అది నడుస్తుంది.

అనగనగా కసువుకొండ అని ఒక పాళెం. ఆ పాళేనికి ఒక కోట. ఆ కోటకు ఒక దొర. దొర పేరు ఓబుళ నాయుడు. మీసాలు పెద్దవి, గొంతు పెద్దది, మనసు కూడా మరీ చిన్నదేం కాదు. ఆయన చెడ్డవాడై ఉంటే ఈ కథ ఇంత పొడుగు ఉండేది కాదు. చెడ్డవాడి మాట ఎవరూ నమ్మరు కాబట్టి, నమ్మి చెడిపోయేదీ ఉండదు. ఓబుళ నాయుడు మంచివాడే. చిక్కంతా అక్కడే వచ్చింది.

కోట కింద ఊరు. ఊరి చివర వాగు. వాగు గట్టున ఒక గుడిసె. ఆ గుడిసెలో చాకలి సుంకమ్మ ఒక్కతే ఉండేది. మొగుడు ఎప్పుడో పోయాడు. బిడ్డలు లేరు. పొద్దున్నే కోటకు పోయి బట్టల మూట తెచ్చేది. వాగులో ఉతికేది, చౌడు పట్టించి బానలో ఆవిరికి ఉబ్బ వేసేది, గట్టు మీద ఆరేసేది. సాయంత్రం మూట అప్పజెప్పి, ఇంటింటి ముందూ నిలబడి ఒక సంగటి ముద్ద పెట్టించుకుని గుడిసెకు వచ్చేది.

ఆ పక్క పెళ్ళిళ్ళలో చాకలి లేకపోతే అడుగు పడదు. మాట వరసకు చెప్పడం కాదు, నిజంగానే అడుగు పడదు. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ నడిచే దారి పొడుగునా ఉతికిన చీరలు పరచాలి. వాటిని నడపావడలు అంటారు. తొక్కిన చీర వెనక నుంచి తీసి మళ్ళీ ముందు పరుస్తూ చాకలి వంగి వంగి పోతుంది. ఆమె పరిచిన కొద్దీ ఆ జంట నడుస్తుంది. ఓబుళ నాయుడి పెళ్ళికి నడపావడలు పరిచింది సుంకమ్మే. ఆయన కొడుకు నరసప్ప పుడితే పొత్తిగుడ్డలు ఉతికిందీ సుంకమ్మే.

"మా చిన్న దొర పెండ్లికి కూడా నేనే పరిచి, అప్పుడు సచ్చిపోతా" అనేది సుంకమ్మ. బట్టలు బాదేటప్పుడు అదే మాట, పిండేటప్పుడు అదే మాట, ఆరేసేటప్పుడు అదే మాట. ఆమెకు ఈ లోకంలో ఇంకో కోరిక ఉన్నట్టు ఎవరూ వినలేదు.

ఒక ఏడాది వానలు వెనకబడ్డాయి. జ్వరం ముందుపడింది. ఎర్రజ్వరం అన్నారు దాన్ని. ఒళ్ళు కాలిపోయేది, చర్మం ఎర్రగా పొక్కేది, మంచం పట్టినవాళ్ళలో చాలామంది మళ్ళీ లేచేవాళ్ళు కాదు. ఒకరి నుంచి ఒకరికి, ఇంటి నుంచి ఇంటికి, ఊరి నుంచి ఊరికి పాకింది. పక్క పాళెంలో పాడె మోయడానికి మనుషులు మిగల్లేదని కబురు వచ్చింది.

మామూలుగా దొర మాటను తలారి గిడ్డయ్య తప్పెట కొట్టి ఊరికి చెప్పేవాడు. ఆ రోజు గిడ్డయ్య తప్పెట మాత్రమే కొట్టాడు. మాట దొరే చెప్పాడు. కోట మెట్ల మీద నిలబడి, ఊరంతా వినేట్టు చెప్పాడు.

"ఇనండప్పా. నాలుగు మాటలు చెప్తా. జ్వరమొచ్చిన ఇంటికి వేపమండ కట్టాల. మండ కట్టినాక గడప దాటేది లేదు, లోపలోళ్ళు బయటికి రాకూడదు, బయటోళ్ళు లోపలికి పోకూడదు. ఆ ఇంటోళ్ళకు సంగటీ నీళ్ళూ ఇరుగుపొరుగోళ్ళు గడప బయట పెట్టాల. జ్వరం పోయి, పొక్కులు ఎండి, తలకు పోసుకున్నాకనే మండ ఇప్పాల."

"మరి కోటకో, సామీ?" అన్నాడు జనంలోంచి ఒక ముసలాయన.

"కోటకూ అంతే, గుడిసెకూ అంతే" అన్నాడు దొర.

ఆ మాట జనానికి నచ్చింది. కుమ్మరి ఇంట్లో జ్వరం వచ్చింది, కుమ్మరి మండ కట్టాడు. గానుగాడే గాండ్లోళ్ళ ఇంట్లో జ్వరం వచ్చింది, గాండ్లోళ్ళు మండ కట్టారు. పూజారి ఇంట్లో జ్వరం వచ్చింది, పూజారి కాసేపు ఆలోచించి తనూ కట్టాడు. ఇరుగుపొరుగు సంగటి పెట్టారు, నీళ్ళు పెట్టారు, దూరం నుంచే కేకేసి మంచీచెడ్డా కనుక్కున్నారు. పెళ్ళాంతో పోట్లాడి పక్కింట్లో తిని వచ్చే మగాళ్ళకు కొంచెం ఇబ్బంది అయింది. తక్కినవాళ్ళంతా మాట విన్నారు. మండ కట్టినాక గడప దాటేది లేదు. జ్వరం ఆ ఊళ్ళో నీరసపడింది.

అంతలో నరసప్పకు పెళ్ళి కుదిరింది. పిల్ల నల్లగుట్ట పాళెం దొర కూతురు. ముహూర్తం పెట్టారు, కబుర్లు పంపారు. ముహూర్తం ఇంకా కొన్నాళ్ళుందనగా నరసప్పకు ఒళ్ళు కాలింది. తెల్లారేసరికి వీపంతా ఎర్రగా పొక్కింది.

ఓబుళ నాయుడు కొడుకు మంచం పక్కన కూర్చుని ఆలోచించాడు. కోటకు మండ కడితే పెళ్ళి ఆగుతుంది. కోటకు మండ కడితే శత్రువులు గుర్రాలకు జీను వేస్తారు. కోటకు మండ కడితే ఊరి జనం బెదిరిపోతారు. ఈ మూడోది ఆయనకు బాగా నచ్చింది. జనం కోసమే దాస్తున్నానని తనకు తనే చెప్పుకోవచ్చు.

"కొంచెం తగ్గనీ, ఆమీద చూద్దాం" అన్నాడు.

ఇక్కడ కోటలో వాళ్ళు ఒక పొరపాటు చేశారు. జ్వరం ఇంటి బట్టలు చాకలికి వేయకూడదు. తలకు పోసుకున్నాకే వేయాలి. అది ఆ పక్క తరతరాల వాడుక. కానీ నరసప్ప బట్టలు మూటలో లేకపోతే సుంకమ్మ ఊరుకోదు, "మా చిన్న దొర అంగీలేవీ?" అని అడుగుతుంది. అడిగితే గుట్టు బయటపడుతుంది. అందుకని గుట్టు దాచడానికి, ఎప్పటిలాగే అన్నీ కలిపి మూట కట్టి ఇచ్చేశారు.

సుంకమ్మ వాగు దగ్గర మూట విప్పింది. నరసప్ప అంగీ చేతిలోకి తీసుకుంది. వీపు దగ్గర చీము మరకలు. అంగీని అలాగే ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత ఉతికింది, ఉబ్బ వేసింది, ఆరేసింది. ఎండిన బట్టలు కోట మెట్ల మీద పెట్టి, లోపలికి పోకుండా కేకేసి చెప్పి వెనక్కి వచ్చింది. ఆ సాయంత్రం ఆమె సంగటికి ఏ ఇంటికీ పోలేదు. ఒక వేపమండ విరుచుకొచ్చి గుడిసె వాకిలికి కట్టుకుంది. ఇంకా ఒళ్ళు వెచ్చబడనైనా లేదు. అది తర్వాత వెచ్చబడింది.

సుంకమ్మ ఎవరికీ ఏమీ చెప్పలేదు. కానీ అలాంటి సంగతులు ఒకరు చెబితేనా తెలిసేది? చిన్న దొర గుర్రం కట్టుగొయ్య దగ్గరే ఉంటోంది. కోట వంటవాడు ఊళ్ళోకి వచ్చిపోతున్నాడు, వాడి పెళ్ళానికి జ్వరం తగిలింది. జనం కోట గుమ్మం వైపు చూశారు. అక్కడ మామిడాకుల తోరణం ఉంది గానీ వేపమండ లేదు.

"కోటకు లేని మండ మనకేల?" అన్నాడు కుమ్మరి. మండ పీకేశాడు.

"కోటకు లేని మండ మనకేల?" అన్నారు గాండ్లోళ్ళు. వాళ్ళూ పీకేశారు.

పూజారి ఏమీ అనలేదు, పీకేశాడు.

జ్వరంతో ఉన్నవాళ్ళు వీధిలోకి వచ్చారు. బావి దగ్గరికి వచ్చారు, అంగడికి వచ్చారు. నీరసపడిన జ్వరం లేచి పరుగెత్తింది. ఏ వీధి నుంచి చూసినా పాడె కనపడేది. ఊరు మొత్తం మీద ఒక్క వాకిలికే మండ మిగిలింది. అది సుంకమ్మ గుడిసె.

ముహూర్తం దగ్గరపడింది. నరసప్ప లేచి కూర్చున్నాడు. పొక్కులు ఇంకా ఎండలేదు, తలకు పోయలేదు. "పైన పట్టంగీ తొడుగుతాం, ఎవరికీ కనపడదు" అనుకున్నారు. రెండు పాళేల జనం ఒక పందిరి కిందికి రావాలి. అన్నీ సిద్ధం. నడపావడలు పరిచే మనిషి మాత్రం లేదు. ఊళ్ళో ఇంకెవరినైనా పిలవచ్చుగా అంటారేమో. పిలవకూడదు. ఇంటి చాకలి బతికి ఉండగా ఇంకొకరు పరిస్తే ఆ పెళ్ళి నిలవదని ఆ పక్క నమ్మకం.

మొదట తలారి గిడ్డయ్య వచ్చాడు.

"సుంకమ్మక్కా, బయటికి రా. కోటలో పిలుస్తాండారు. రాకపోతే ఈ ఊళ్ళో నీకు సంగటి పెట్టే ఇల్లుండదు."

"గిడ్డా, ఆడనే నిలబడు" అంది లోపలి నుంచి సుంకమ్మ. "మండ కట్టినాక గడప దాటేది లేదు. ఆ రోజు తప్పెట కొట్టింది నువ్వే గదా."

గిడ్డయ్య తల గోక్కుంటూ పోయాడు. పోయేముందు తన రుమాల్లోని జొన్నరొట్టె గడప బయట పెట్టి పోయాడు.

రెండోసారి దొరసాని వచ్చింది. పల్లకీ దిగి, వాకిలికి దూరంగా నిలబడింది.

"సుంకమ్మా, నేను ఈ కోటలో కాలు పెట్టింది నువ్వు పరిచిన చీర మీదనే. నా బిడ్డ పెండ్లికి రానంటావా?"

ఈ మాటకు సుంకమ్మ ఏడ్చింది. గుడిసె గోడకు ఆనుకుని, పెద్దగా, సిగ్గు లేకుండా ఏడ్చింది. నడపావడలకని తనే ఉతికి దాచిన చీరలు మూల పెట్టెలో ఉన్నాయి. లేచి నాలుగడుగులు వేస్తే చాలు, జన్మంతా కోరుకున్నది దొరుకుతుంది. ఆమె గడప దాకా పాక్కుంటూ వచ్చింది కూడా. గడప మీద చెయ్యి వేసి ఆగిపోయింది.

"వద్దమ్మయ్యా. నేను పరిచిన చీర మీద రెండు పాళేల బిడ్డలు నడుస్తారు. మండ కట్టినాక గడప దాటేది లేదు."

మూడోసారి దొరే వచ్చాడు. గుర్రం మీద వచ్చాడు. దొర చాకలి గుడిసెకు పోతున్నాడంటే ఇంట్లో ఎవరు కూర్చుంటారు? ఊరంతా వెనకాలే వచ్చింది. జ్వరం ఉన్నవాళ్ళూ వచ్చారు.

"సుంకమ్మా, బయటికి రా."

"సామీ, మండ కట్టినాక గడప దాటేది లేదు."

"ఆ మాట చెప్పింది నేనే. నేనే తీసేస్తాండా."

"తీసేయండి సామీ, మీ మాట మీది. నా ఒక్కదానికి తీసేస్తారా, ఊరందరికీ తీసేస్తారా? మీ ఎనక ఊరుండాది. చెప్పండి, ఇంటారు."

ఓబుళ నాయుడు నోరు తెరిచాడు. వెనక్కి తిరిగి చూశాడు. ఒక తల్లి జ్వరంతో ఉన్న పిల్లను చంకనేసుకుని ఆయన నోటి వైపే చూస్తోంది. ఆయన నోరు మూసుకున్నాడు. గుర్రం దిగి గడప దగ్గరికి వచ్చాడు.

సుంకమ్మ గొంతు తగ్గించింది.

"చిన్న దొర అంగీ ఉతికినదాన్ని. ఈ జ్వరం యాడిదో నాకు తెలుసు, మీకు తెలుసు. నేనెవురికీ చెప్పలేదు సామీ. చెప్పాల్సింది నేను కాదు."

దొర గడప దాటలేదు. ఆమె కూడా దాటలేదు.

"ఇప్పుడెట్లా ఉండాడు, మా చిన్న దొర?" అని అడిగింది సుంకమ్మ.

"లేచి కూర్చున్నాడు."

"సల్లంగా ఉండనీ."

ఓబుళ నాయుడు గుర్రం ఎక్కలేదు. నడిచి పోయాడు. దారిలో వేపచెట్టు కింద ఆగి తనే ఒక మండ విరిచాడు. గిడ్డయ్య సాయం రాబోతే వద్దన్నాడు. కోట గుమ్మానికి కట్టబోయాడు. జన్మలో ఎప్పుడూ ఏదీ కట్టి ఎరగడు కదా, ఒకసారి కట్టాడు, జారింది. రెండోసారి కట్టాడు, జారింది. జనంలో ఎవరూ నవ్వలేదు. మూడోసారికి ముడి నిలిచింది.

"నా కొడుక్కు జ్వరమప్పా" అన్నాడు జనం వైపు తిరిగి. "వచ్చి శానా దినాలాయ. దాచినా. పెండ్లి లేదు." అని లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. మండ విప్పేదాకా తనూ బయటికి రాలేదు.

కుమ్మరి ఇంటికి పోయి మండ కట్టాడు. గాండ్లోళ్ళు కట్టారు. పూజారి ఈసారి ఆలోచించకుండా కట్టాడు. నల్లగుట్ట వాళ్ళకు కోపం వచ్చింది, ఊరి పొలిమేర నుంచే బండ్లు వెనక్కి తిప్పారు. ఇంటికి పోయాక కోపం తగ్గి, అదే పొలిమేరలో రాగుల బస్తాలు దించి పోయారు. శత్రువులు గుర్రాలకు జీను వేయలేదు. మండ కట్టిన ఊరి మీదికి ఎవరు వస్తారు?

జ్వరం పోయింది. ఉన్నవాళ్ళు తలకు పోసుకున్నారు. నరసప్ప బతికాడు. సుంకమ్మ బతకలేదు. దొర వచ్చిపోయిన తర్వాత, గడప లోపల, గోడకు ఆనుకునే పోయింది. గడప బయట పెట్టిన సంగటి మర్నాడు కూడా అలాగే ఉంటే తెలిసింది. తర్వాత నల్లగుట్ట పిల్లతోనే పెళ్ళి జరిగింది. పెట్టెలోని ఆమె చీరలు తీసి పరిచారు.

గుడిసె ఎప్పుడో పడిపోయింది. గడప రాయి మాత్రం ఇంకా ఉందంటారు. ఆ పక్క ఊళ్ళలో ఎవరు పెద్దరికానికి వచ్చినా, జనానికి ఒక కట్టుబాటు చెప్పాలంటే, ముందు ఆ రాయి బయట చెప్పులిడిచి నిలబడాలి. లోపలి వైపు ఆ ఊరి చాకళ్ళలో ఒక ముసలామె కూర్చుని ఉంటుంది. "సామీ, ఈ మాట మీకూనా?" అని అడుగుతుంది. "నాకూ" అనాలి. అన్నాకే తప్పెట మోగుతుంది. నీళ్ళు నమిలినవాళ్ళు కూడా కొందరున్నారు. వాళ్ళకు మోగలేదు.

ఆ ఊళ్ళో పిల్లలకూ ఈ సంగతి తెలుసు. పొద్దుపోయింది, అల్లరి ఆపి పడుకోండిరా అని తండ్రి గదమాయిస్తే, "సుంకమ్మ గడప కాడ చెప్పు నాయనా" అంటారు. ఆ తండ్రి కాసేపు గొణుక్కుంటాడు. తర్వాత దీపం ఆర్పి, వాళ్ళ పక్కన తనూ చాప పరుచుకుంటాడు.