మంగరాజు వేసిన రెండో చుట్టు

అనగనగా ఒక అడవి. ఆ అడవిని రెండు ముక్కలు చేస్తూ ఒక లోయ. లోయకు అవతల రెండు పాయలుగా చీలిన ఒక పెద్ద మడుగు. నడిచి దాటలేని చిన్న జంతువులను తన ముక్కు కింది సంచిలో కూర్చోబెట్టుకుని లోయ దాటించే గూడబాతు ఒకడు అక్కడ ఉండేవాడు. పేరు మంగరాజు.

మంగరాజు మంచివాడే, పిల్లలూ. కాకపోతే గొప్పలు కాస్త ఎక్కువ. "నేను దిగడం మొదలుపెట్టానా, ఒక్కసారికే నీళ్ళ మీద వాలాల్సిందే. మళ్ళీ పైకి లేచి రెండో చుట్టు వేసిన రోజు నా జన్మలో లేదు" అనేవాడు. మీసాలు లేవు కాబట్టి సరిపోయింది, ఉంటే మెలేసేవాడే.

అతని వీపు మీద రంగి అనే గోరింక కూర్చుని దారి చూసేది. వాళ్ళిద్దరికీ ఒక కట్టుబాటు ఉంది. దిగే ముందు రంగి మూడు ప్రశ్నలు అడగాలి. గాలి ఎటు? దారి ఎటు? నీళ్ళెలా ఉన్నాయి? మూడింటికీ మంగరాజు గొంతెత్తి జవాబు చెప్పాలి. మధ్యలో ఏది మారినా మూడూ మళ్ళీ చెప్పుకోవాలి. ఇద్దరిలో ఎవరు "పైకి!" అన్నా ముందు పైకి లేవాలి. వాదన ఏదైనా ఉంటే ఆ తర్వాతే.

ఒక రోజు చుక్కమ్మ అనే ఉడుత ముగ్గురు పిల్లలతో వచ్చింది. గాలివానకు వాళ్ళ చెట్టు కూలిపోయింది.

"అన్నా, మడుగు గట్టున మా అమ్మ ఉంటోంది. పిల్లలు కళ్ళు తెరిచి నాలుగు రోజులే అయింది. జాగ్రత్తగా దించుతావా?" అని అడిగింది.

"హాయిగా నిద్రపొమ్మను. లేచేసరికి అమ్మమ్మ ఒళ్ళో ఉంటారు" అన్నాడు మంగరాజు.

లోయ దాటారు. మడుగు కనిపించింది. రంగి అడిగింది, మంగరాజు చెప్పాడు. "గాలి పడమటి నుంచి. దారి కుడి పాయ. నీళ్ళు నిమ్మళం." చెప్పి దిగడం మొదలుపెట్టాడు.

అంతలో గట్టు మీద కాపలా ఉండే తీతువు పిట్ట పోలయ్య అరిచాడు. "మంగరాజూ! గాలి తిరిగింది! ఇప్పుడు తూర్పు నుంచి వీస్తోంది!"

మంగరాజు గబగబా మలుపు తిరిగి ఎదురుగాలికి వచ్చాడు.

"మామా, మూడూ మళ్ళీ చెప్పుకుందాం" అంది రంగి.

"ఇప్పుడా? అంతా చూస్తున్నారు" అన్నాడు మంగరాజు.

చూస్తున్న మాట నిజమే. కింద గుర్నాథం అనే బాతు తన బలగంతో తల ఎత్తి ఉన్నాడు. ఎవరైనా రెండో చుట్టు వేస్తే చాలు, వారం రోజులు ఆట పట్టించేవాడు.

ఇంకొంచెం దిగారు. పోలయ్య మళ్ళీ అరిచాడు. "కుడి పాయలోకి దున్నపోతులు దిగాయి! ఎడమ పాయలో వాలు!"

"సరే, సరే" అన్నాడు మంగరాజు. తల ఎడమకు తిరిగింది గానీ కాళ్ళు ఇంకా కుడి పాయ కోసమే చాచి ఉన్నాయి. వేగం తగ్గలేదు. నీళ్ళు మీదికి వచ్చేస్తున్నాయి.

"ఎడమ పాయలో నీళ్ళెలా ఉన్నాయి మామా?" అంది రంగి.

ఆ సంగతి మంగరాజు ఆలోచించనే లేదు.

"పైకి!" అని అరిచింది రంగి.

ఇంకో రెండుసార్లు రెక్కలు ఆడిస్తే వాలిపోతాడు. పైకి లేస్తే గుర్నాథం నవ్వుతాడు, ఇన్నేళ్ళ పేరు కాస్తా పోతుంది. కానీ సంచిలో నాలుగు చిన్న గుండెలు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆ చప్పుడు అతని గొంతుకే తగులుతోంది. మంగరాజుకు సిగ్గేసింది. నన్ను నమ్మి ఎక్కారు కదా వీళ్ళు అనుకున్నాడు. బలమంతా కూడదీసుకుని రెక్కలు కొట్టి పైకి లేచాడు.

పైనుంచి చూస్తే అప్పుడు కనబడింది. ఎడమ పాయ మధ్యలో, నీటికి బెత్తెడు కింద, గాలివానకు కొట్టుకొచ్చిన మద్దిమొద్దు. గట్టు మీది పోలయ్యకు అది కనబడే వీలే లేదు.

"అడుగు రంగీ, మూడూ అడుగు" అన్నాడు మంగరాజు.

"గాలి ఎటు?"

"తూర్పు నుంచి."

"దారి ఎటు?"

"ఎడమ పాయ. మొద్దు దాటాకే వాలాలి."

"నీళ్ళెలా ఉన్నాయి?"

"మొద్దుకు అవతల లోతుగా, ఖాళీగా ఉన్నాయి."

ఈసారి తలా కాళ్ళూ ఒకే మాట మీద ఉన్నాయి. మంగరాజు మెల్లగా వాలాడు. సంచిలో ఒక్క నీటిచుక్క కూడా పడలేదు.

"ఏం మంగరాజూ, దారి మర్చిపోయావా?" అన్నాడు గుర్నాథం. బాతులన్నీ పకపకా నవ్వాయి.

"దారి కాదు గుర్నాథం, మూడు మాటలు మర్చిపోయాను. అటు నీళ్ళ కింద మొద్దుంది. నీ పిల్లల్ని పోనివ్వకు" అన్నాడు మంగరాజు. గుర్నాథం నవ్వు ఆగిపోయింది. గబగబా పిల్లల్ని ఇవతలికి పిలుచుకున్నాడు.

గట్టు మీద అమ్మమ్మ ఎదురొచ్చింది. అందరికంటే చిన్న ఉడుతపిల్ల మాత్రం సంచిలోంచి దిగనే దిగలేదు. తల బయటపెట్టి, "మామయ్యా, ఇంకో చుట్టు తిప్పవా?" అని అడిగింది.

ఆ రోజుతో మంగరాజు గొప్పలు మానేశాడనుకున్నారా? మానలేదు. ఇప్పుడు రెండో చుట్టు గురించే గొప్పలు చెప్పుకుంటున్నాడు.

నీతి: చివరి నిమిషంలో అంతా మారిపోతే, నలుగురూ నవ్వుతారని తొందరపడకూడదు, వెనక్కి తగ్గి, అన్నీ చూసుకుని, మళ్ళీ మొదలుపెట్టడమే అసలైన నేర్పు.